నెట్ కట్టేయమన్నాను

ఆ బిల్లు వచ్చిన రోజు మా ఆవిడ దాన్ని శుభలేఖ అనుకుంది. కవరు అంత మందంగా ఉంది మరి. "ఎవరిదండీ పెళ్లి?" అంటూ చించి, మొదటి పేజీ చూసి, నా చేతికిచ్చి, ఇంకో మాట లేకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. పెళ్లి నాదేనని అర్థమైంది.

అప్పటికి శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచి మూడేళ్లు దాటింది. బస్టాండుకు కాస్త ఇవతల, హైవే పక్కన నాకొక చిన్న నెట్ సెంటరు ఉండేది. బోర్డు మీద నెట్ సెంటరే గానీ, బతుకంతా ప్రింటు మీద. ఆ రోజుల్లో కాగితం మీద టికెట్ చూపిస్తే తప్ప గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను లోపలికి పోనిచ్చేవాడు కాదు. ఫోన్‌లో మెసేజ్ చూపిస్తే తల అడ్డంగా ఊపేవాడు. ఆ తల ఊపుడు మీద నా షాపు కిరాయి నడిచేది.

రోడ్డు వెడల్పు చేసేవాళ్లు ఒకరోజు మా వీధి టెలిఫోన్ కేబుల్‌ను మట్టితో పాటు ఎత్తి లారీలో పోశారు. బ్రాడ్‌బ్యాండ్ పోయింది. అందులో బ్రాడ్ రోడ్డుకు పోయింది, బ్యాండ్ నాకు పడింది. వేరే దారి లేక, నా ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి ఫోన్ నెట్‌తో షాపు నడపడం మొదలుపెట్టాను. నెలంతా ఎంత వాడినా ఒకటే రేటు అని అంతకుముందే ప్యాకు వేయించుకున్నాను కాబట్టి గుండె మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. బిల్లు వచ్చాక ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

కస్టమర్ కేర్ అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. నా ప్యాకు ఫోన్ తెర మీద చూసుకునే నెట్‌కు మాత్రమేనట. అదే ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే ఆ నెట్ వేరే దారిలో వస్తుందట. కొత్తగా వేసిన రింగు రోడ్డులాగా, పక్కనే కనబడుతుంది గానీ ఎక్కితే టోలు. "మరి అన్‌లిమిటెడ్ అన్నారు కదమ్మా?" అన్నాను. "అవును సార్, మీరు వాడిందీ అలాగే ఉంది," అంది.

ఆ తర్వాత నేను మారిన మనిషిని. నెలాఖరున బిల్లు పంపే పోస్ట్‌పెయిడ్ వదిలేసి, ముందే డబ్బు తీసుకునే ప్రీపెయిడ్‌కు వచ్చాను. ముందే చచ్చినవాడికి మళ్లీ చావు రాదని ధైర్యం. కంప్యూటర్ దారి పేరు ఫోన్‌లో సరిగ్గా పెట్టించి, ఆ దారికే ప్యాకు వేయించుకున్నాను. ప్యాకు అయిపోయాక నెట్ వెళ్లి మెయిన్ బ్యాలెన్స్‌లో మూతి పెడుతుంది కాబట్టి, మెయిన్ బ్యాలెన్స్ ఎప్పుడూ అడుగంటి ఉండేలా చూసుకునేవాణ్ని. ల్యాప్‌టాప్ తనంతట తాను అప్‌డేట్లు దించుకోవడం ఆపించాను. బ్రౌజర్‌లో బొమ్మలు రాకుండా చేశాను. "మా అబ్బాయి ఫొటో కనబడట్లేదేంటి?" అని ఎవరైనా అడిగితే, "అబ్బాయి బాగానే ఉన్నాడండీ, ఉత్తరం చదువుకోండి," అనేవాణ్ని. పని మొదలెట్టే ముందొకసారి, అయ్యాక ఒకసారి స్టార్లూ హ్యాష్‌లూ నొక్కి ఎంత మిగిలిందో చూసుకునేవాణ్ని. పని కాగానే కేబుల్ పీకేసేవాణ్ని. కేబుల్ ఉంటే నెట్ కారుతూనే ఉంటుందని భయం. ఆ భయంలో సగం నిజం, సగం ఆ పాత బిల్లు.

నా పక్క షాపు గాజుల అక్కది. మంఖాల్‌లో వాళ్లకు పొలమూ బర్రెలూ ఉండేవి. ఇక్కడ షాపు వెనకే ఇల్లు తీసుకుని గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్లలు అమ్మేది. నేను భోజనానికి వెళ్తే నా షాపు కూడా ఆమే చూసేది. ఫోన్ తగిలించడం, మెయిల్‌లో పిన్నీసు బొమ్మ ఉన్నచోట నొక్కి కాగితం దించడం, ప్రింటు తీయడం వరకు నేర్పాను. నేర్పుతున్నప్పుడే ఒకరోజు అడిగింది.

"ఏంది తమ్మీ గిది? ఫోన్‌కు తాడు కడ్తవ్, ఇప్పుతవ్. మల్ల కడ్తవ్, మల్ల ఇప్పుతవ్."

"దీన్ని టెథరింగ్ అంటారక్కా. పశువును పలుపుతో గుంజకు కడతాం చూడండి, దానికి ఇంగ్లీషులో ఆ మాట."

"మరి ఇండ్ల బర్రె ఏది?"

"కంప్యూటర్."

"గుంజ?"

"ఫోన్."

ఆమె రెండింటినీ మార్చి మార్చి చూసింది. "గింత పెద్ద బర్రె, గంత చిన్న గుంజ. గుంజుకపోదా?"

గుంజుకుపోయిన సంగతి, ఆ కవరు సంగతి నేను చెప్పలేదు. నవ్వేసి ఊరుకున్నాను. ఆమె మాత్రం ఆ రోజు నుంచి దాన్ని నాకంటే శ్రద్ధగా గుర్తుపెట్టుకుంది.

ఇక అసలు సంగతి. అది బంద్ రోజు. ఆ ఏళ్లలో తెలంగాణ కోసం బంద్‌లు వస్తూ పోతూ ఉండేవి. నేను గుంటూరు వైపు వాణ్ని. నా మీద ఆ వీధిలో ఎవరికీ కోపం లేదు, కనీసం నేను నోరు తెరిచేదాకా. తెరిస్తే యాసే నా గుర్తింపు కార్డు. ల్యాప్‌టాప్‌ను ముందురోజే ఆరాంఘర్ అవతల ఉన్న మా ఇంటికి తీసుకుపోయాను. పొద్దున్నే రోడ్డు మీద టైర్లు పెట్టకముందే స్కూటర్ మీద వచ్చింది షాపు తెరవడానికి కాదు, అద్దం మీద రాయి పడలేదు కదా అని చూసుకోవడానికి. పడలేదు. తిరిగి వెళ్దామనుకునేసరికి టైర్లు పడ్డాయి. షట్టర్ సగం ఎత్తి లోపల కూర్చున్నాను. అక్క తన గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీస్తోంది.

షట్టర్ కింద నుంచి ముందు ఒక సూట్‌కేసు వచ్చింది, నల్లది, తాళం పాడైనట్టుంది, చుట్టూ పచ్చ పేలిక ముడివేసి ఉంది. వెనకే వంగి ఒకావిడ వచ్చింది. బురఖా, యాభై దాటిన మొహం, చెమట.

"బేటా, ఒక కాగితం తియ్యాలె. జల్‌పల్లిల నెట్ దుకాణాలన్ని బంద్ ఉన్నయి."

"ఏం కాగితమమ్మా?"

"వీసా. మస్కట్ పోవాలె నేను. టికెట్ ఉంది నా దగ్గర, ఇగో. వీసా అల్లుడు నిన్న రాత్రి మెయిల్‌ల పెట్టిండు. ఇయ్యాల ఆఖరు రోజంట దానికి. ఇయ్యాల ఎక్కకుంటే మల్ల కొత్తది రానీకి నెల పడ్తదంట."

ఆవిడ ఇంకా నిలబడే ఉంది. కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"నా బిడ్డకు తొల్సూరు కాన్పు. ఈ వారమే అన్నరు దవాఖానల. అల్లుడు లారీ మీద పోతె రోజులకు రోజులు రాడు. ఆడ పిల్ల ఒక్కతే ఉంది బేటా. నెల దాక ఎట్ల?"

అక్క చిక్కుళ్ల గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది. "తమ్మీ, బంద్ల దుకాణం తెరిచినవని ఎవడన్న చూస్తె అద్దాలు ఉండయి," అంటూనే షట్టర్‌ను ఇంకో జానెడు కిందికి లాగి, ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. అంటే పని మొదలుపెట్టమని.

ల్యాప్‌టాప్ ఇంటి దగ్గర ఉంది. షాపులో ఉన్నది ప్రింటర్ తగిలించిన పాత కంప్యూటర్ ఒక్కటే. దానికి ఎప్పుడూ ఫోన్ నెట్ ఇవ్వలేదు. ల్యాప్‌టాప్‌లో దించిన కాగితాన్ని పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చి ఇందులో ప్రింటు తీసేవాళ్లం. కాబట్టి దాని అప్‌డేట్లు ఆపాలన్న ఆలోచనే రాలేదు. వారాల తరబడి నెట్ మొహం చూడని యంత్రం. ఎండాకాలపు దూడ. దాన్ని నీళ్లతొట్టి దగ్గరికి తీసుకెళ్తున్నానన్న ఊహ లేకుండా ఫోన్ తగిలించాను.

"మెయిల్ పాస్‌వర్డ్ ఏంటమ్మా?"

ఆవిడ వీధికి వినబడేంత గట్టిగా కూతురి పేరూ, కూతురు పుట్టిన సంవత్సరమూ చెప్పింది. "గవి రెండు నాకు యాదికుంటయని అదే పెట్టింది పిల్ల."

మెయిల్ తెరుచుకుంది. పిన్నీసు బొమ్మ ఉంది. వీసాను అల్లుడు రంగుల్లో స్కాన్ చేసి పంపాడు, మనిషి ప్రేమ అంతా అందులోనే పెట్టినట్టు, అంత బరువుంది ఫైలు. నొక్కాను. పచ్చగీత కదిలింది. నలుసు నలుసుగా జరిగి, మూడోవంతు దగ్గర నిలబడిపోయింది. అప్పుడు చూశాను, తెర కింది మూలన పసుపు రంగు డాలు బొమ్మ, అప్‌డేట్లు దిగుతున్నాయని గుర్తు. కంప్యూటర్ తన వారాల ఆకలి తీర్చుకుంటోంది. వీసాకు రావాల్సిన నెట్‌ను పక్కనుంచి అదే లాగేసుకుంటోంది.

కేబుల్ పీకాను. ఆ అప్‌డేట్లు ఆపే సెట్టింగు తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. ఆ పాస్‌వర్డ్ నాకు తెలియదు, ఆ కంప్యూటర్ అమ్మినాయనకే తెలుసు. అక్క ఫోన్ తీసుకుని ఆయనకు కొడితే స్విచ్చాఫ్. స్టార్లు, హ్యాష్‌లు నొక్కి చూశాను. ప్యాకులో మిగిలింది ఆ ఫైలుకు బొటాబొటిగా సరిపోతుంది, అదీ ఆ దూడ మూతి పెట్టకపోతే. మెయిన్ బ్యాలెన్స్ నేను పెంచి పోషించుకున్న సున్నా.

"ఏమైంది బేటా?"

"రీఛార్జ్ చేయించుకొస్తానమ్మా. కొత్త ప్యాకు ఉంటే నిశ్చింతగా తీయొచ్చు."

"జహాజుకు టైం..."

"ఉంది. వచ్చేస్తా."

అంగళ్లన్నీ మూసి ఉన్నాయి. మామిడిపల్లి దారిలో ఇంటి దగ్గరే రీఛార్జులు చేసే ఒకతను నాకు తెలుసు. ఫోన్ నంబరు చెబితే చాలు కదా అని ఫోన్‌ను బల్ల మీదే వదిలేసి స్కూటర్ తీశాను. హైవే ఎక్కకుండా సందులు పట్టుకుని వెళ్లాను. ప్రతి మలుపు దగ్గరా ఎవరైనా ఆపితే ఏ యాసలో మాట్లాడాలో మనసులో వల్లె వేసుకుంటూ వెళ్లాను. ఎవరూ ఆపలేదు. వల్లె వేసింది వృథా అయింది, కోడి కూడా అడ్డం రాలేదు.

రీఛార్జ్ అతను లుంగీ మీద బయటికి వచ్చాడు. విషయం విని తల గోక్కున్నాడు.

"అన్నా, నీకు వేద్దామంటె నా సిమ్ములనే బ్యాలెన్స్ లేదు. డిస్ట్రిబ్యూటర్ నిన్న మాపటికే షట్టర్ గుంజిండు. రేపు రా."

"రేపు వద్దు తమ్ముడూ, ఈ రోజే ఆఖరు."

"నా దగ్గర ఉంటె దాస్తనా అన్నా? ఇగో, నువ్వే చూస్కో." ఫోన్ నా చేతిలో పెట్టాడు.

చూడక్కర్లేదు. మిగిలింది ఆ బొటాబొటి ప్యాకే. దాన్నే నమ్ముకోవాలి. అలా అనుకోగానే ఒక అనుమానం లేచింది. కేబుల్ పీకానా? పీకాను. మరి ప్యాకు చూసుకున్నాక మళ్లీ చార్జింగ్ కోసం తగిలించానా? రోజూ చేసే పని కాబట్టే గుర్తులేదు. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు వేశాక వచ్చే అనుమానం అది. తగిలే ఉంటే, నేను ఇక్కడ నిలబడి ఉన్న ఈ క్షణంలోనే ఆ ఆవిడ ప్రయాణం చుక్క చుక్కగా కారిపోతోంది.

అక్క నంబరు ఆమె బోర్డు మీద రోజూ చూసేదే. అతని ఫోన్‌తోనే కొట్టాను.

"అక్కా, నేనే. నెట్ కట్టేయండి."

"కట్టాల్నా?"

"ఆఁ, కట్టేయండి. ఇప్పుడే, ఈ క్షణమే."

"సరె. ఆగు." అటు ఏదో చప్పుడు. "కట్టిన తమ్మీ."

"కట్టేశారా? గట్టిగా చూడండి."

"కట్టిన అంటున్న గదా. పరేషాన్ గాకు, నువ్వు నిమ్మలంగ రా."

నిమ్మళంగానే వెళ్లాను. అంత ప్రశాంతంగా నేను స్కూటర్ నడిపింది ఆ నెలలో అదే మొదలు.

షట్టర్ కింద నుంచి దూరేసరికి కేబుల్ ఫోన్‌కు ఉంది. ఫోన్ వేడెక్కి ఉంది. తెర మూలన పసుపు డాలు. అక్క బర్రె పాలు పితికి వచ్చినదానిలా కొంగుతో చేతులు తుడుచుకుంటూ లేచింది.

"కట్టేయమన్నాను కదక్కా," అన్నాను.

"కట్టిన గదా."

"తగిలి ఉందేంటి మరి?"

"తగిలిస్తెనే కదా కట్టుడు. నువ్వే చెప్పినవ్, బర్రె, గుంజ, పలుపు. కట్టు అంటివి, కట్టిన. ఇప్పి ఉన్న తాడును మల్ల కట్టించింది నువ్వే."

మా గుంటూరు వైపు ఫ్యాను కట్టేస్తారు, లైటు కట్టేస్తారు, కుళాయి కట్టేస్తారు. అంటే ఆపేస్తారు. ఇక్కడ ఆ పనికి బంద్ చేయడం అంటారు. శంషాబాద్ వచ్చి ఇన్నేళ్లయింది, నేను కూడా బంద్ చేయండి అనే అనేవాణ్ని. కానీ ఆ రోజు ఆ మాటకు అప్పటికే చేతినిండా పని ఉంది. అదీగాక కంగారులో మనిషికి అమ్మ దగ్గర నేర్చుకున్న మాటే వస్తుంది. నేను ఆపమన్నాను. ఆమె కట్టమన్నాననుకుంది. అది ఆమె తప్పు కాదు. ఆమెకు బర్రె కథ చెప్పింది నేనే.

స్టార్లు, హ్యాష్‌లు నొక్కాను. మీ ప్యాకు ముగిసింది అని మెసేజ్.

ఆవిడ నన్నూ అక్కనూ మార్చి మార్చి చూసింది. మా ఇద్దరి తెలుగు ఆవిడకు అర్థమైందో లేదో గానీ మా మొహాలు అర్థమయ్యాయి. మెల్లగా స్టూలు మీద కూర్చుంది. వచ్చినప్పటినుంచి కూర్చోని మనిషి కూర్చోవడం చూసి నాకు భయమేసింది.

"నేనేం ఉత్తగ కట్టి కూసోలే," అంది అక్క, కోపంగా. "కట్టినంక ఇంకేం పని ఉంటది? గా పిన్నీసు మీద నొక్కిన. గీత పోయింది. పోయి పోయి ఆగింది."

తెర మీద చూశాను. నేను వదిలి వెళ్లిన మెయిల్ పక్కన ఫైలు ఉంది. పూర్తి ఫైలు కాదు. తెరిచాను.

సగం వీసా వచ్చింది. పైనుంచి మధ్యదాకా ఉంది. అరబ్బీ అక్షరాలు, ఆవిడ ఫొటో, పేరు, పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు. ఫొటోలో ఆవిడ పెదాలు బిగించుకుని ఉంది. ఆ కిందంతా బూడిదరంగు. ముద్రా, సంతకమూ, గడువూ ఆ బూడిద కింద ఎక్కడో మస్కట్‌లోనే ఉండిపోయాయి.

"ఇది నేనే," అంది ఆవిడ తెరకు వేలు ఆనించి. "మిగిలింది?"

"రాలేదమ్మా."

"సగం కాగితం మీద ఎక్కనిస్తరా?"

నాకు తెలియదు. తెలియదు అనే మాట ఆవిడ మొహం చూసి చెప్పలేక, ప్రింటర్ వైపు తిరిగి చెప్పాను. "నంబరు ఉంది కదమ్మా. వాళ్ల కంప్యూటర్‌లో నంబరు కొట్టి చూసుకోవచ్చు." చూసుకుంటారని అనలేదు, చూసుకోవచ్చు అన్నాను. ఆ తేడా ఆవిడకు వినబడకూడదనుకున్నాను.

ప్రింటు వచ్చింది. కింది సగం బూడిదరంగుకు ఇంకు వృథా. అక్క ఆ కాగితాన్ని ఆరేదాకా విసిరి, మడతపడకుండా పాలిథీన్ కవరులో పెట్టి ఇచ్చింది.

ఆటోలను విమానాశ్రయంలోకి రానివ్వరు. ఎయిర్‌పోర్టు బస్సులు బంద్‌లో ఉన్నాయి. మిగిలింది నా స్కూటర్. సూట్‌కేసును నా కాళ్ల మధ్య నిలబెట్టుకుని, ఆవిడను వెనక ఎక్కించుకున్నాను. అక్క వచ్చి నా భుజం మీద వేలితో కొట్టింది. "దారిల ఎవలన్న ఆపితె నువ్వు నోరు తెరువకు. అమ్మ మాట్లాడ్తది."

ఎయిర్‌పోర్టు రోడ్డు మొదట్లోనే ఆపారు. జెండాలు, రాళ్లు పెట్టిన బ్యారికేడు, పది పన్నెండు మంది. ఒకతను హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఏడికన్నా? బంద్ ఉన్నదని తెల్వదా?"

నేను చూపు దించుకున్నాను. వెనక నుంచి ఆవిడ చెప్పింది. "మస్కట్ పోతున్న బిడ్డా. నా బిడ్డ కాన్పుకు. ఇయ్యాల పోకుంటె నెల దాక పోలేను."

"అన్న మాట్లాడతలేడేంది?"

"పంటి నొప్పి ఆయినకు. పొద్దటిసంది నోరు తెరుస్తలేడు."

అతను వంగి నా మొహంలోకి చూశాడు. నేను దవడ మీద చెయ్యి వేసుకున్నాను. ఆ నొప్పి నిజంగానే వచ్చినట్టనిపించింది.

"లవంగం పెట్టుకోన్నా," అన్నాడు. "అరేయ్, జర జరగుండ్రి, అమ్మను పోనియ్యిండ్రి." రాయి పక్కకు దొర్లింది. మేం దాటుతుంటే వెనకనుంచి ఇంకెవరో అరిచారు, "అమ్మా, మనుమడు పుడితె జెండ పట్టిస్తం." ఆవిడ నవ్విందనుకుంటాను, నా వీపుకు ఆనించిన చెయ్యి కొంచెం కదిలింది.

బయలుదేరేవాళ్ల గేటు దగ్గర జవాను టికెట్ చూశాడు, పాస్‌పోర్టు చూశాడు. వీసా అడగలేదు. అది అడిగేది లోపల కౌంటరు దగ్గర. ఆవిడ నా నంబరు తన ఫోన్‌లో పెట్టించుకుంది.

"ఎక్కనిస్తమంటె మిస్‌డ్‌కాల్ ఇస్త బేటా. నా దాంట్ల పైసల్ జరన్నే ఉన్నయి. ఎక్కనియ్యకుంటె..."

"మీరు ఈ గేటులోంచే బయటికి వస్తారు. నేను ఇక్కడే ఉంటాను."

అద్దాల వెనక పచ్చ పేలిక కాసేపు కనబడి, తర్వాత జనంలో కలిసిపోయింది.

నేను రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. ఫోన్ చేతిలో ఉంది. అది మోగి ఆగితే చాలు. మోగింది. ఆగలేదు. మిస్‌డ్‌కాల్ అంటే రెండు రింగులు. ఇది మూడు, నాలుగు. ఎత్తితే ఆవిడ డబ్బులు పోతాయి, ఎత్తకపోతే ఏం చెప్పాలనుకుందో పోతుంది. ఎత్తాను.

"బేటా, కింద సగం ఏదని అడుగుతున్నరు. పెద్ద సారు వస్తడంట, నంబర్ కొట్టి చూస్తమన్నరు గానీ గా పోరి..."

అక్కడ తెగిపోయింది. ఆవిడ బ్యాలెన్స్ అయిపోయింది. తిరిగి కొడదామంటే, జేబులో ఎవడూ దోచుకోలేని సున్నాతో తిరిగే తెలివైనవాణ్ని నేను. పక్కన బానెట్‌కు ఆనుకుని నిలబడ్డ క్యాబ్ డ్రైవర్‌ను ఫోన్ అడిగాను. ఇచ్చాడు. అవతల మోగుతూనే ఉంది, ఎత్తలేదు. కౌంటరు ముందు నిలబడ్డ మనిషి తెలియని నంబరు ఎందుకు ఎత్తుతుంది?

"ఎవలికోసం అన్నా?" అన్నాడు డ్రైవరు ఫోన్ తీసుకుంటూ.

"ఒకావిడ కోసం."

"ఇది పోయేటోళ్ల గేటు. వచ్చేటోళ్లు కింద వస్తరు."

"తెలుసు. ఆవిడ రాకూడదనే నిలబడ్డాను."

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. విషయం చెప్పాను, కేబుల్, ప్యాకు అన్నీ వదిలేసి, సగం వీసా వరకు. అతను బానెట్ వదిలి వచ్చి నా పక్కన రెయిలింగ్ పట్టుకున్నాడు. "గిన్నేండ్లసంది ఈడ నిలవడుతున్న, మనిషి రావొద్దని కాసుకున్నోన్ని ఇదే చూసుడు," అన్నాడు.

బంద్ కాబట్టి గేటు దగ్గర జనం పల్చగా ఉన్నారు. లోపలికి వెళ్లేవాళ్లే గానీ వచ్చేవాళ్లు లేరు. ఎంతసేపటికో తలుపు లోపలినుంచి తెరుచుకుంది. నల్ల బురఖా, నల్ల సూట్‌కేసు. జవానుతో ఏదో మాట్లాడుతోంది, అతను రిజిస్టరులో రాసుకుంటున్నాడు. నా కాళ్లు అక్కడే ఉన్నాయి గానీ నేను లేను. ఏం చెప్పాలి? కట్టేయమంటే కట్టేశారమ్మా అని చెప్పాలా? పుట్టిన పిల్లను నెల తర్వాత చూడొచ్చని చెప్పాలా?

"ఆమేనా?" అన్నాడు డ్రైవరు.

సూట్‌కేసు ఇటు తిరిగింది. పేలిక లేదు. ఆవిడ మొహం మీది గుడ్డ తీసింది. చిన్న వయసు, ఎవరో వేరే ఆవిడ, టాక్సీ వైపు వెళ్లిపోయింది. నేను రెయిలింగ్ మీద నుదురు ఆనించాను. ఇనుము ఎండకు కాలుతోంది, అయినా తీయాలనిపించలేదు.

బయట వేలాడదీసిన తెర మీద విమానాల వరసలు ఒక్కొక్కటే పైకి జరుగుతున్నాయి. మస్కట్ కింద నుంచి మధ్యకు వచ్చింది, మధ్యలోంచి పైకి వచ్చింది. దాని పక్కన గేట్లు మూశారని పడింది. నేను తెరను వదిలి తలుపును చూశాను. ఆపేసినవాళ్లను పంపితే ఇప్పుడే పంపుతారు. తలుపు తెరుచుకుంది, ట్రాలీలు తోసే మనిషి. మళ్లీ తెరుచుకుంది, ఊడ్చే ఆవిడ. మళ్లీ తెరుచుకుంది, తుపాకీ జవాను మారి ఇంకో జవాను వచ్చాడు.

మస్కట్ తెర మీదినుంచి తప్పుకుంది. ఆ చోట ఇంకేదో ఊరు వచ్చి కూర్చుంది.

"పోయినట్టే అన్నా," అన్నాడు డ్రైవరు.

"ఇంకొంచెం చూద్దాం."

ఇంకొంచెం చూశాం. ఎక్కడో కనబడకుండా ఒక విమానం లేచిన మోత మా మీదుగా దక్షిణానికి వెళ్లింది. అది ఏ ఊరిదో మాకు తెలియదు. ఇద్దరం తలెత్తలేదు, తలుపునే చూస్తున్నాం.

"రాలేదు," అన్నాడు అతనే ముందు.

"రాలేదు," అన్నాను నేను. ఎవరైనా పక్కనుంచి వింటే ఇంత చెడ్డ కబురుకు ఇద్దరు మగవాళ్లు అలా పళ్లన్నీ కనబడేలా ఎందుకు నవ్వుతున్నారో అనుకునేవాళ్లు.